సీఈఏ 7.8

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, ఆరు నెలల కీమో అయింది. ఆ బాధ పడ్డవాళ్ళకు చెప్పనక్కర లేదు. అంతకంటే నన్ను భయపెట్టింది ఆ తర్వాత, జబ్బు తిరగబెట్టిందేమో కనిపెట్టడానికి మూడు నెలలకొకసారి చేయించుకునే సీఈఏ రక్తపరీక్ష. పొగతాగని వాళ్ళకు అది 5 లోపు ఉంటే మామూలే. నాకు ఆపరేషన్‌కు ముందు 41, తర్వాత 2.1.

పోయిన వానాకాలం గోదావరి పొంగి సఖినేటిపల్లి రేవులో జనాన్ని దాటించే పంటు (పెద్ద పడవ) ఆగిపోయింది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి నరసాపురంలో ఎప్పుడూ వెళ్ళే ల్యాబుకు పోయే ఓపిక లేక, ఇవతలి ఒడ్డునే వేరే ల్యాబులో రక్తం ఇచ్చాను. సాయంత్రం అక్కడి కుర్రాడు చిల్లర లెక్కపెడుతూ, "7.8 వచ్చిందండీ, మళ్ళీ తిరగబెట్టినట్టే ఉంది" అన్నాడు.

ఆ రాత్రి కరెంటు లేదు. ఫోను వెలుతురులో ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చూశానో! చుక్క తప్పుగా పడిందేమోనని వేలితో రుద్దాను. అమ్మాయి కోసం దాచిన కాసులపేరు బీరువాలో ఎక్కడుందో మా ఆయనకు తెలియదని గుర్తొచ్చి, అరుగు మీద కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పబోయాను. "ఇప్పుడు అవన్నీ ఎందుకు, పొద్దున్నే డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం" అని కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. తెల్లవారే దాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

ముందురోజు వద్దనుకున్న వంతెన మీదుగానే వెళ్ళాం. డాక్టరు గారు మొదట అడిగింది, "ఇది మన పాత ల్యాబేనా అమ్మా?" అని. ల్యాబు మారితే పరీక్ష పద్ధతి మారుతుందట, అంకె కూడా మారవచ్చట. కాలేయం జబ్బున్నా, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరగవచ్చట. ఒక్క అంకె చూసి తిరగబెట్టిందని చెప్పరు, మళ్ళీ చేయించి, పెరుగుతూ పోతుంటే స్కాన్‌లో వెతుకుతారు. మామూలుగా ఉన్నంత మాత్రాన ధీమా కూడా పనికిరాదు, కొందరికి జబ్బు తిరగబెట్టినా సీఈఏ పెరగదు. అందుకే స్కాన్, గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ మానకూడదన్నారు.

నాలుగు వారాల తర్వాత పాత ల్యాబులో 2.4. స్కాన్‌లోనూ ఏమీ లేదు. డాక్టరు గారికి చేతులెత్తి దండం పెట్టాను, అంతర్వేది వెళ్ళి నరసింహస్వామికీ పెట్టాను. ఆ కుర్రాడి మీద కోపం మాత్రం స్వామి ముందు నిలబడినా తగ్గలేదు. ఆ నాలుగు వారాలు నాకు అన్నం సహించలేదు. మా ఆయన నా ఎదుట తిన్నట్టు కనిపించి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చేవారు. రక్తం తీసేవాళ్ళు కాగితం ఇచ్చి ఊరుకోవాలి. అర్థం చెప్పాల్సింది డాక్టరు.

మీరూ ఒకే ల్యాబులో చేయించుకోండి, ప్రతిసారీ రాసి పెట్టుకోండి. మా ఇంట్లో దేవుడి పటాల కింద ఒక పుస్తకం ఉంది. అందులో 7.8ని నేను కొట్టేయబోతే మా ఆయన ఆపి, పక్కన "వేరే ల్యాబు" అని రాశారు.