అర్థం చెప్పేవాడు ఏడీ?

ప్రభువునందు ప్రియమైన వారికి వందనాలు.

మన విశాఖలో సువార్త సభలు పెట్టి ఇంగ్లీషులో బోధించే దైవజనుణ్ణి పిలిస్తే, ఆయన పక్కన తర్జుమా చేసే సహోదరుడు తప్పకుండా నిలబడతాడు. ఆయన ఒక మాట చెప్పి ఆగుతాడు, ఈయన తెలుగులో అందుకుంటాడు. ఆ తర్జుమా మనిషి రాకపోతే పెద్దలు కంగారుపడి నాలుగు చోట్లకు ఫోన్లు చేస్తారు. అదే వేదిక మీద, అదే రాత్రి, పదిమంది ఒక్కసారిగా మైకుల్లో భాషలతో, అంటే ఆత్మ ప్రేరణతో తమకే తెలియని భాషల్లో, మాట్లాడితే మాత్రం అర్థం చెప్పేవాడు ఏడని ఎవరూ అడగరు. మనిషి మాటకిచ్చిన మర్యాద పరిశుద్ధాత్మ ఇచ్చే మాటకు ఇవ్వమా?

భాషల వరం ఆగిపోయిందని వాదించడానికి ఇది రాయడం లేదు. "భాషలతో మాటలాడుట ఆటంకపరచకుడి" అని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో (1 కొరింథీ 14:39) ఉంది. నా బాధంతా అదే అధ్యాయంలోని 27, 28 వచనాల గురించి. ఇద్దరు, అవసరమైతే ముగ్గురు, అంతకు మించకూడదు. వంతులచొప్పున మాట్లాడాలి. ఒకడు అర్థం చెప్పాలి. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండి, తనతోను దేవునితోను మాట్లాడుకోవాలి. అంటే మైకు పక్కన పెట్టి, పెదవుల మీదే ప్రార్థించుకోమని. "ఆత్మ వచ్చాక ఆపుకోలేకపోయాను" అనే మాట ఇక్కడ చెల్లదు. ఆపుకోవడం చేతకాని పనైతే పౌలు మౌనంగా ఉండమని ఆజ్ఞ ఇచ్చేవాడే కాదు.

గ్రీసులోని కొరింథు రేవు పట్నం. పడమట లెకయోను, తూర్పున కెంక్రేయ, రెండు రేవులు. పౌలు అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. తెలియని భాష వినేవాణ్ణి పరదేశిని చేస్తుందని 11వ వచనంలో రాసినప్పుడు, ఆ వీధుల్లో అది రోజూ జరిగే సంగతే. మనదీ రేవు పట్నమే. నేవీ వల్ల, స్టీలు ప్లాంటు వల్ల వచ్చి స్థిరపడిన ఒడియా, బెంగాలీ, హిందీ కుటుంబాలు మన సంఘాల్లో వెనక వరుసల్లో కూర్చుంటున్నాయి. తెలుగు ప్రసంగమే సగం అందని వాళ్లకు, ఆపైన అర్థం లేని భాషలు గంటసేపు వినిపిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఈ అధ్యాయమంతటిలో నన్ను పట్టి నిలిపేది 16వ వచనం. నువ్వు చెప్పేది గ్రహించలేనివాడు నీ కృతజ్ఞతాస్తుతికి "ఆమేన్" ఎలా పలుకుతాడు అని పౌలు అడుగుతున్నాడు. ఆమేన్ హెబ్రీ మాట. స్థిరం, నమ్మదగినది అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ప్రార్థన ఒకరు చేస్తారు, ఆమేన్‌తో అది అందరిదీ అవుతుంది. సంఘం దాని కింద సంతకం పెడుతుందన్న మాట. చదవకుండా కాగితం మీద సంతకం పెట్టమంటే పెడతామా? నెహెమ్యా 8లో జనం చేతులెత్తి ఆమేన్ ఆమేన్ అన్నారు. ఆలయ సేవ చేసే లేవీయులు ధర్మశాస్త్రానికి అర్థం చెప్పారు. ఆ మాటలు గ్రహించారు కాబట్టే అంత సంతోషంగా పండుగ చేసుకున్నారు. శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెందెకొస్తునాడు కూడా జనం తమ తమ భాషల్లో విన్నది దేవుని గొప్ప కార్యాలనే. అర్థం తెలియని చోట ఆమేన్ ఉండదు. ఆమేన్ లేని చోట వందమంది ఉన్నా ఎవరి ప్రార్థన వాళ్లదే. భాషతో పలికే పదివేల మాటలకంటె అర్థమయ్యే అయిదు మాటలు మేలని పౌలు అన్నది ఇందుకే. అందరికంటె ఎక్కువగా భాషలతో మాట్లాడేవాడే ఆ మాట అన్నాడు!

కూడిక నడిపించే అన్నలకు కొన్ని మాటలు. అర్థం చెప్పే వరం మీ సంఘంలో ఎవరికుందో ముందే తెలుసుకోండి. ఎవరికీ లేకపోతే మొదట్లోనే సంఘానికి చెప్పేయండి. ఒకరు భాషతో మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి, కీబోర్డు, డ్రమ్స్ కూడా ఆగాలి. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఎదురుచూడండి. చాలాచోట్ల చెడేది ఇక్కడే. నిశ్శబ్దానికి భయపడి వెంటనే పాట ఎత్తుకుంటారు, అర్థం చెప్పవలసినవాడు నోరు తెరిచే సందే ఉండదు. భాషతో మాట్లాడినవాడే అర్థం కోసం ప్రార్థించాలని 13వ వచనం, కాబట్టి ముందు అతన్నే అడగండి. భాషతో మాట్లాడేవాడు దేవునితో మాట్లాడతాడని 2వ వచనం చెబుతోంది. అందుచేత అర్థం స్తుతిగానో ప్రార్థనగానో రావాలి. "నా బిడ్డలారా, ఫలానావాడు ఇంత కానుక ఇవ్వాలి" అని వస్తే దాన్ని భాషకు అర్థంగా తీసుకోకండి. అది దేవుడు పలికించిన ప్రవచనమంటారా, 29వ వచనం ప్రకారం మిగతావారంతా కూర్చుని వివేచించాలి.

ఇంకొకటి. ఆల్ నైట్ ప్రార్థనల్లో పిల్లల తల మీద చెయ్యి పెట్టి "హల్లెలూయ, హల్లెలూయ, గబగబా చెప్పు, నాలుక వదిలెయ్" అనడం దయచేసి మానండి. శిష్యులు ఆత్మ కోసం ఎదురుచూసిన మేడగదిలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఆత్మ తన చిత్తం చొప్పున పంచి ఇస్తాడు (1 కొరింథీ 12:11), అందరూ భాషలతో మాట్లాడరు (12:30). రానివాళ్లు ఏడ్చి ఏడ్చి, చివరికి పక్కవాళ్లను అనుకరిస్తారు. ఆ పసి మనసుల మీద అబద్ధం మోపినవాళ్లం మనమే అవుతాం. తల్లీ, నీకు భాషలు రాలేదని దేవుడు నిన్ను వదిలేయలేదు.

1805లో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ పట్నానికే వచ్చారు. తెలుగు కూర్చుని నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే సహోదరుడి తోడుతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని సాగింది. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇద్దరూ కన్నుమూశారు. మనం ఆమేన్ అనగలిగేలా అర్థం చెప్పడానికి వాళ్ల ఆయుష్షు ఖర్చయింది.

వచ్చే శుక్రవారం కూడిక మొదలయ్యేముందు వెనక వరుస చూడండి. తెలుగు సరిగా రాని ఒడియా అమ్మ ఎవరైనా ఉంటే, ఆ భాష వచ్చిన చెల్లిని ఒకరిని ఆమె పక్కన కూర్చోబెట్టండి. ప్రార్థన ముగిసినప్పుడు ఆమె ఆమేన్ అంటుందేమో వినండి.