లైట్‌రూమ్‌కి తొలి ప్లగిన్: సార్ట్ దగ్గర పడిన ఎర్రర్

ఫొటోలను సర్దుకుని ఎడిట్ చేసుకునే అడోబీ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌కి ప్లగిన్ (అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రామ్) రాయాలంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. పేరు చివర డాట్ ఎల్‌ఆర్‌డెవ్‌ప్లగిన్ అని ఉన్న ఫోల్డర్, అందులో ఇన్ఫో డాట్ లువా అనే ఫైలు, ఒక టెక్స్ట్ ఎడిటర్ చాలు. భాష లువా 5.1. కంపైల్ చేసే పని లేదు. ప్లగిన్ మేనేజర్‌లో యాడ్ నొక్కి ఫోల్డర్ చూపిస్తే లోడవుతుంది.

ఇన్ఫో ఫైల్లో పెట్టే టూల్‌కిట్ ఐడెంటిఫయర్ (లైట్‌రూమ్ ప్లగిన్‌ని గుర్తుపట్టే పేరు) విషయంలో మాత్రం తొందర పనికిరాదు. సెట్టింగులు, ఫొటోలకు మనం జోడించే సొంత మెటాడేటా (ఫొటో గురించిన సమాచారం) దాని పేరు మీదే నిలవ ఉంటాయి. జనం వాడటం మొదలెట్టాక మారిస్తే ఆ పాత డేటా ప్లగిన్‌కి కనపడదు.

నేను మొదట రాసింది, ఎంచుకున్న ఫొటోలను తీసిన టైము ప్రకారం వరుసపెట్టి, మధ్యలో 30 నిమిషాలు దాటి ఖాళీ వచ్చిన ప్రతిచోటా కొత్త కీవర్డ్ వేసే ప్లగిన్. కేటలాగ్‌లో (లైట్‌రూమ్ ఫొటోల వివరాలు దాచే డేటాబేస్) రాసే పని కాబట్టి మొత్తాన్నీ అసింక్ టాస్క్‌లో, అంటే వెనకాల విడిగా నడిచే పనిగా పెట్టాను. అయినా సార్ట్ (వరుసపెట్టే ఫంక్షన్) దగ్గరే ఆగిపోయింది: సీ ఫంక్షన్ లోపలి నుంచి యీల్డ్ (పనిని మధ్యలో ఆపి వేరే పనులకు అవకాశం ఇవ్వడం) చేయకూడదని ఎర్రర్. సార్ట్‌కి ఇచ్చిన పోలిక ఫంక్షన్‌లోనే ఒక్కో ఫొటో మెటాడేటా అడుగుతున్నాను. ఆ అడగడంలో టాస్క్ కాసేపు యీల్డ్ అవుతుంది. లువా 5.1లో సార్ట్ సీ భాషలో రాసిన ఫంక్షన్. దాన్ని మధ్యలో వదిలి మళ్లీ అక్కడికే రావడం కుదరదు. ఎర్రర్లను పట్టుకునే మామూలు పీకాల్‌దీ ఇదే చిక్కు, దాని బదులు లైట్‌రూమ్ ఇచ్చే ఎల్‌ఆర్‌టాస్క్స్‌లో ఉన్న పీకాల్ వాడాలి.

సార్ట్‌కి ముందే బ్యాచ్‌గెట్‌రామెటాడేటాతో అన్ని ఫొటోల టైములూ ఒకేసారి తెచ్చి టేబుల్‌లో పెట్టుకున్నాను. ఎర్రర్ పోయింది, వేగమూ బాగా పెరిగింది. ఆ టైములు 2001 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు, కాబట్టి విరామం అంటే తేడా 1800 దాటడమే. స్కాన్ చేసిన పాత ఫొటోలకు తీసిన టైము ఉండకపోవచ్చు. అక్కడ నిల్ (విలువ లేదని అర్థం) వచ్చి పోలిక విఫలమవుతుంది. వాటిని ముందే పక్కకు తీయాలి.

ఇంకొకటి, చాలా ముఖ్యం. గెట్‌టార్గెట్‌ఫొటోస్ పిలిచినప్పుడు ఏ ఫొటో ఎంచుకోకపోతే ఫిల్మ్‌స్ట్రిప్‌లో (కింద ఫొటోలు వరుసగా కనిపించే పట్టీ) ఉన్నవన్నీ ఇచ్చేస్తుంది. ముందు గెట్‌టార్గెట్‌ఫొటో పిలిచి, నిల్ వస్తే అక్కడే ఆపేయాలి. లేదంటే అడగని ఫొటోలన్నిటికీ కీవర్డ్ పడుతుంది.

రాసే పని విత్‌రైట్‌యాక్సెస్‌డూ బ్లాకులో జరగాలి. లెక్కలన్నీ బయటే ముగించి, కీవర్డులు తగిలించడం ఒక్కటే లోపల ఉంచాను. ఒకే బ్లాకు అయితే వాడేవాళ్లకు ఒక్క అన్‌డూతో అంతా వెనక్కి పోతుంది. ఇంకో ప్లగిన్ అదే క్షణంలో కేటలాగ్‌లో రాస్తుంటే, టైమౌట్ (ఎంతసేపు వేచి చూడాలో) ఇవ్వని బ్లాకు ఎర్రర్‌తో ఆగుతుంది. నేను 30 సెకన్లు ఇచ్చాను. తిరిగొచ్చిన విలువ ‘అబార్టెడ్’ అయితే ఏ కీవర్డూ పడలేదని డైలాగ్‌లో చెప్పాలి.