బైకు సీటు, బార్లీ నీళ్ళు, ప్రోస్టేటు

నేను మెడికల్ రెప్‌ని. రాజమండ్రిలో ఉంటాను. రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, రాజోలు నా ఏరియా. మా కంపెనీ అమ్మే మందుల్లో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఒకటి. అందుకని మూత్రంలో మంట, పొత్తికడుపు కింద నొప్పి అనగానే ఏం రాస్తారో డాక్టరుగారు పెన్ను తియ్యకముందే నాకు తెలుసు. నాకూ అదే రాశారు. నాలుగు వారాల కోర్సు. మొదట్లో కాస్త తెరిపిచ్చినట్టే ఉంది, కోర్సు అయ్యేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

నొప్పి ఎక్కడ అంటే చెప్పడానికే ఇబ్బంది. వృషణాలకీ మలద్వారానికీ మధ్యనుండే చోటు. బైకు మీద కూర్చుంటే గోళీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. దాంతోపాటు గంటకోసారి మూత్రానికి వెళ్ళాలనిపించడం, వెళ్తే సన్నటి ధార, వచ్చాక కూడా ఇంకా మిగిలిందన్న అనుమానం. కాలవగట్టు రోడ్లమీద రోజంతా తిరిగేవాడికి ఇది ఎంత నరకమో వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడెక్కడ పెట్రోల్ బంకుల్లో బాత్రూమ్ తాళం వెయ్యరో నాకు కంఠతా వచ్చేసింది.

మా వృత్తిలో ఇంకో చిక్కుంది. చుట్టుపక్కల యూరాలజిస్టులందరూ నాకు తెలిసినవాళ్ళే. వాళ్ళ రిసెప్షన్‌లో అమ్మాయిలకి నా పేరు కూడా తెలుసు. అందుకే కాకినాడ వెళ్ళాను, బ్యాగు లేకుండా, మామూలు చొక్కాలో. అక్కడా కౌంటర్ దగ్గర అమ్మాయి గుర్తుపట్టి, "సార్, రెప్స్‌ని తొమ్మిది తర్వాతే పంపిస్తారండి" అంది. "లేదమ్మా, ఈరోజు పేషెంట్‌ని" అన్నాను. హాల్లో ఉన్న ఇద్దరు రెప్స్ తలలెత్తి చూశారు.

ఇంట్లో మా అమ్మ నిర్ణయం అప్పటికే అయిపోయింది. "ఎండలో తిరిగి ఒళ్ళు వేడి చేసిందిరా" అని పొద్దున్న బార్లీ నీళ్ళు, మధ్యాహ్నం సబ్జా, సాయంత్రం కొబ్బరి బొండాం. కోనసీమలో బొండాలకేం లోటు. చెడు చేసిందని అనను గానీ అన్ని నీళ్ళు తాగి బైకెక్కితే మూత్రం బాధ రెట్టింపయ్యేది. ఇక రైల్వే గోడల మీద రాసుండే 'గుప్త రోగాలు, నరాల బలహీనత' వాళ్ళ సంగతి. ఇలాంటి జబ్బున్న మగాళ్ళే వాళ్ళకి గిరాకీ అని నా గట్టి నమ్మకం. ఎవరికీ చెప్పుకోలేనివాడు పేరడగనివాడి దగ్గరికి వెళ్తాడు.

కాకినాడలో అల్ట్రాసౌండ్ చేశారు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి సైజు మామూలే. యూరిన్ కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా పెరగలేదు. రక్తపరీక్షలో పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ తయారుచేసే ప్రొటీన్, మాత్రం కొంచెం ఎక్కువొచ్చింది. ఆ కాగితం చూసి నాకు రెండు రాత్రులు నిద్ర లేదు, క్యాన్సరనే అనుకున్నాను. ప్రోస్టేట్‌లో వాపున్నా పీఎస్‌ఏ పెరుగుతుంది. కొన్ని వారాలాగి మళ్ళీ చేయిస్తే మామూలుకి వచ్చింది. ఆ మాట రిపోర్టు చేతికిచ్చేటప్పుడే ఒకరు చెప్పి ఉంటే బాగుండేది. కల్చర్ శుభ్రంగా ఉన్నా చీటీలో మాత్రం మళ్ళీ యాంటీబయాటిక్కే ఉంది, ఈసారి ఇంకో కంపెనీది. ఆ కోర్సులో మడమ వెనక నరం లాగడం మొదలైంది. ఈ రకం మందులకి స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాళ్ళు, దెబ్బతినే ప్రమాదముందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే మందు వివరాల కాగితంలో నల్లగడి కట్టి హెచ్చరిక పెట్టించింది. ఆ సంగతి మా ట్రైనింగ్‌లో మాకే చెప్తారు. వెంటనే ఫోన్ చేసి డాక్టర్ని అడిగి ఆపేశాను.

తర్వాత విశాఖపట్నం వెళ్ళాను. అక్కడ చూసింది రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దాయన. ముందు ఒక కాగితమిచ్చి నింపమన్నారు. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వాళ్ళు 1999లో తెచ్చిన ప్రశ్నల పట్టీ అది. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 43 మార్కులు. నొప్పికి 21, మూత్రానికి 10, ఈ బాధతో జీవితం ఎలా గడుస్తోందన్నదానికి 12. ఎక్కువొస్తే జబ్బు ఎక్కువన్నమాట. నాకు 27 వచ్చాయి. చదువుకునే రోజుల్లో ఏ పరీక్షలోనూ ఇంత నిజాయితీగా రాయలేదు.

తర్వాత ప్రోస్టేట్ నొక్కక ముందు ఒకసారి, నొక్కాక ఒకసారి మూత్రం తీసుకుని రెండూ పరీక్షకి పంపారు. 1968లో మియర్స్, స్టేమీ అనే ఇద్దరు నాలుగు గ్లాసుల పరీక్ష కనిపెట్టారట, ఇది దానికి పొట్టి రూపం. గ్రంథిలో నిజంగా బ్యాక్టీరియా దాక్కుని ఉంటే రెండో సీసాలో బయటపడుతుంది. నాకు రెండూ ఖాళీయే.

"ఏమయ్యా, నువ్వు అమ్మే మందు నీకు పనికిరాదు" అన్నారు నవ్వుతూ. ఆయన చెప్పినదాని ప్రకారం ప్రోస్టేటైటిస్‌ని, అంటే ప్రోస్టేట్ వాపుని, నాలుగు రకాలు చేశారు. మొదటిది ఉన్నట్టుండి వచ్చేది. చలిజ్వరం, ఒళ్ళునొప్పులు, మూత్రం ఆగిపోవడం. అది వస్తే బార్లీ నీళ్ళూ వద్దు, ఇంటర్నెట్టూ వద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. రెండోది బ్యాక్టీరియా వల్ల పదేపదే వచ్చేది, దానికి యాంటీబయాటిక్ కావాల్సిందే, వారాల తరబడి వాడాల్సిందే. మూడోది నాది. ఏ క్రిమీ దొరకదు, నొప్పి మాత్రం మూడు నెలలు దాటినా పోదు. క్రానిక్ పెల్విక్ పెయిన్ సిండ్రోమ్ అంటారు. ప్రోస్టేటైటిస్ అని పేరు పెట్టిన కేసుల్లో నూటికి 90 పైన ఇదే. నాలుగోదానికి బాధే ఉండదు, వేరేదానికోసం పరీక్ష చేస్తే కనబడుతుంది.

నూటికి 90 మందికి క్రిమి లేదంటే మరి మా సేల్స్ ఎలా అవుతున్నాయని నాలోని రెప్ అడిగాడు. జవాబు నాకు తెలుసు, రాయను.

ఆయన ఇచ్చినవి రెండు మాత్రలు. రాత్రి భోజనమయ్యాక టామ్సులోసిన్, పడుకునే ముందు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు. మొదటిది మూత్రం ధారని సులువు చేసింది. పొద్దున్నే గభాల్న లేస్తే కళ్ళు తిరిగేవి, వీర్యం బాగా తగ్గింది. మందు వల్లేనని ముందే చెప్పారు గనక కంగారు పడలేదు. రెండోదాని కాగితం మా ఆవిడ చదివి, "ఏవండీ, ఇది డిప్రెషన్ మందు కదా, మీకేమైంది?" అని భయపడింది. తక్కువ మోతాదులో నరాల నొప్పికి వాడతారని చెప్పాల్సొచ్చింది. ఆ రాత్రే మిగతాది కూడా చెప్పాను. కలిసినప్పుడు చివర్లో నొప్పి వస్తుందని, అది మర్నాటి దాకా ఉంటుందని, అందుకే తప్పించుకు తిరుగుతున్నానని. తను ఈ ఏడాదంతా ఏమేం ఊహించుకుందో అప్పుడు తెలిసింది. అవి ఇక్కడ రాయడం బాగుండదు.

అసలు మార్పు ఆయన పంపించిన ఫిజియోథెరపిస్టు దగ్గర వచ్చింది. ఆవిడ దగ్గరికొచ్చేవాళ్ళు ఎక్కువగా కాన్పయిన ఆడవాళ్ళు. వాళ్ళ మధ్య నేనొక్కణ్ణే మగాణ్ణి, చేతిలో హెల్మెట్. గ్లౌజు వేసుకుని మలద్వారం గుండా లోపలి కండరాలు ఒక్కొక్కటే తడిమి చూసింది. ఎడమవైపు ఒకచోట నొక్కగానే ఏడాదికి పైగా వేధిస్తున్న నొప్పి అచ్చంగా అదే, అక్కడే వచ్చింది. "ఇదేనా సార్?" "ఇదేనండి." స్కానింగుల్లో, కల్చర్లలో దొరకంది వేలికి దొరికింది. కటి అడుగున గిన్నెలా ఉండే కండరాలు బిగుసుకుపోయి వదలడం లేదట. మూత్రం ఆపుకోవడం, టెన్షన్, గంటల తరబడి బైకు సీటు, అన్నీ కలిసి అలా చేశాయంది. నాకు సబబుగానే అనిపించింది.

యూట్యూబులో ప్రోస్టేట్ అని వెతికితే కీగల్ వ్యాయామాలు చెయ్యమనే వీడియోలే. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించడమే అది, నాలాంటివాళ్ళు చెయ్యకూడదంది. నేను నేర్చుకోవాల్సింది వదలడం. పొట్ట ఉబ్బేలా నెమ్మదిగా శ్వాస, గొంతుక్కూర్చోవడం, వెల్లకిలా పడుకుని పాదాలు పట్టుకునే ఆనంద బాలాసనం. మా అబ్బాయి పక్కనే పడుకుని వాడూ చేస్తాడు, నాకంటే బాగా. రాత్రి ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పావుగంట కూర్చుంటాను. నొప్పి ఎక్కువున్న రోజు అన్ని మందులకంటే అదే నయం.

తిండి సంగతి ఒక్కొక్కటే మానేసి చూసుకోమన్నారు. నా విషయంలో టీ దొంగ అని తేలింది, ఆవకాయ నిర్దోషి. అందరికీ ఇలాగే ఉండదు, కొందరికి కారమే పడదు. బైకు పూర్తిగా మానలేను. మధ్యలో గాడి ఉన్న కుషన్ కట్టుకున్నాను. రావులపాలెంలో ఒకసారి, కొత్తపేటలో ఒకసారి ఆగి నడుస్తాను. క్లినిక్‌లో మిగతా రెప్స్ కుర్చీల కోసం వెతుక్కుంటే నేను గోడకానుకుని నిలబడతాను. వినయం అనుకుంటున్నారు.

మొన్న మళ్ళీ ఆ పట్టీ నింపితే 13 వచ్చాయి. ఆరు మార్కులు తగ్గితేనే నిజమైన మెరుగు కింద లెక్కట. పూర్తిగా పోయిందనను. నెలాఖరు సేల్స్ క్లోజింగ్ వస్తే, ఏరియా మేనేజర్ నాతో బైకు మీద తిరిగే రోజైతే, ఆ రాత్రి టబ్బు తప్పదు. కానీ ఇప్పుడు ఆ నొప్పి ఏంటో తెలుసు, క్యాన్సరేమోనన్న భయం లేదు. సగం బరువు అక్కడే దిగింది.

పోయినసారి వెళ్ళినప్పుడు పెద్దాయన, "ఫిబ్రవరిలో అమిట్రిప్టిలిన్ ఆపి చూద్దామా?" అన్నారు. మార్చి క్లోజింగ్ అయ్యాక ఆపుదాం సార్ అన్నాను. ఆయన కూడా ఒప్పుకున్నారు.