సగం చెప్పి ఆపే కథ

ఈరోజు పనంతా నాలుగు వాక్యాల చుట్టూనే. రేపు ఆరో తరగతి పిల్లలకు చెప్పి మధ్యలో ఆపాల్సిన కథ అది, మిగతాది వాళ్లే చెప్పాలి. పత్తి తీతల రోజుల్లో బడి మానడాన్ని వాళ్లెలా చూస్తారో పరిశోధన కోసం తెలుసుకోవాలి. "ఎందుకు రాలేదు?" అని నేరుగా అడిగితే "జ్వరం సార్" అంటారు. అది మాస్టారి కోసం దాచుకున్న జవాబు. కథలో పిల్లకు ఆ జవాబుతో పనిలేదు.

"గంగకు బడికెళ్లాలని ఉంది, అమ్మేమో చేనుకు రమ్మంది" అని మొదలుపెడితే పని చెడినట్టే. గంగకు ఏం కావాలో మనమే చెప్పేశాక పిల్లలకు మిగిలేది నీతి ఒక్కటే, అది చెప్పి ముగించేస్తారు. ఇలా ఉండాలి: "పత్తి తీతల కాలం. తెల్లారింది. గంగ సంచి సర్దుకుంటోంది. అమ్మ గడప దగ్గర నిలబడి పిలిచింది." అక్కడ ఆపేయాలి. గుంపులో గంగ పేరున్న పిల్ల ఉండకూడదు. హాజరుపట్టీ ముందే చూసుకోవాలి.

గుంపుకు ఐదారుగురు, నలభై నిమిషాలు చాలు. కథ ఆపగానే నోటితో చెప్పించకూడదు. ముందు గొంతెత్తినవాడి ముగింపునే మిగతావాళ్లూ తిప్పి చెబుతారు. పది నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు బొమ్మ వేసుకుని, ఆ తర్వాత చూపిస్తూ చెప్పాలి. మన ప్రశ్నలు రెండే: "తర్వాత ఏమైంది?", "అప్పుడు గంగకెలా అనిపించింది?" పిల్ల మధ్యలో ఆగితే మనసులో పది దాకా లెక్కపెట్టాలి. తొందరపడి మాట అందిస్తే రాబోయే మాట పోతుంది. గుమ్మంలో మాస్టారు నిలబడితే మాత్రం ఇవేవీ పనిచేయవు. ఆ సంగతి ముందురోజే మర్యాదగా మాట్లాడుకోవాలి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవే అయినా ఇక్కడా మంచి కొలత. తల్లిదండ్రుల అనుమతితో పాటు 7–12 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, ఆపై 18 దాకా రాతలో సమ్మతి తీసుకోవాలి. "ఎవరికీ చెప్పం" అని మాటివ్వకూడదు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. ఈ ముక్క కథకు ముందే పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం న్యాయం.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది పిల్లలు చెప్పిన కథలకు అర్థం తీయడంలో. గంగ ఏడ్చిందని చెప్పిన పిల్ల ఇంట్లో ఏడుస్తోందని కాదు. టీవీలో చూసిందో, అక్కకు జరిగిందో, అప్పుడే కల్పించిందో కావచ్చు. కథ వాంగ్మూలం కాదు. ఆ పిల్లల లోకంలో ఏది మామూలు, ఏది ఊహకే అందదు అన్నది అందులో కనిపిస్తుంది. ఆరు కథల్లోనూ నాన్న నోరు మెదపకపోతే, పట్టుకోవాల్సింది దాన్నే. మన అర్థాన్ని మళ్లీ ఆ పిల్లలకే చెప్పి, ఔనో కాదో అడగాలి.

పిల్లల మాటల రికార్డింగు గంటసేపుంటే, దాన్ని విని ఎత్తిరాయడానికి ఐదారు గంటలైనా కేటాయించాలి. యాసను దిద్దకూడదు.

ఇంకో గుంపుకు ఇదే కథ, గడప దగ్గర అమ్మ బదులు నాన్న. మిగతా మాటలేవీ మారకూడదు, లేకపోతే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఆ కాగితం ఇంకా రాయాలి.