పద్నాలుగు యాక్సెస్ పాయింట్లు, ఒకే కంట్రోలర్: నా అనుభవం

నేను నెట్‌వర్క్ పనులు చూసే మూడంతస్తుల ఆసుపత్రిలో ఒకప్పుడు ఎవరికి తోచిన చోట వారు వైఫై రౌటర్లు పెట్టించుకున్నారు. పాస్‌వర్డ్ మార్చాలంటే 9 పెట్టెల్లోకి విడివిడిగా లాగిన్ కావలసి వచ్చేది. కేస్ షీట్లు ట్యాబ్‌లలోకి మారిన తరువాత, వార్డు దాటగానే కనెక్షన్ తెగిపోయి, నర్సులు రోగి మంచం పక్కనే నిలబడి మళ్ళీ లాగిన్ అవుతూ ఉండడం చూసి బాధపడి, అన్నిటినీ ఒకే కంట్రోలర్ (వైఫై పరికరాలన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపించే వ్యవస్థ) కిందికి తెద్దామని యాజమాన్యాన్ని ఒప్పించాను.

కేబుల్ లాగకముందే ఒక యాక్సెస్ పాయింట్‌ను, అంటే వైఫై సిగ్నల్ ప్రసారం చేసే పెట్టెను, నిచ్చెనకు కట్టి, ఫోన్ పట్టుకుని ప్రతి గదిలోనూ తిరిగాను. ఎక్కడా సిగ్నల్ −67 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం; సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) కన్నా తగ్గకూడదని పెట్టుకున్నాను. ఎక్స్‌రే గది గోడల్లో సీసపు రేకు ఉంటుంది కనుక, ఆ గది అవతలి వసారాలో సిగ్నల్ ఒక్కసారిగా పడిపోయింది. అక్కడికి వేరే యాక్సెస్ పాయింట్ తప్పలేదు. ఈ నడక మానేసి నక్షా మీదే చుక్కలు పెట్టి ఉంటే ఆ వసారా చీకట్లోనే మిగిలిపోయేది.

అసలు చిక్కు బిగించిన రోజున వచ్చింది. 14 పరికరాల్లో ఒక్కటి కూడా కంట్రోలర్ తెర మీద కనిపించలేదు. వాటిని ఒక వీల్యాన్‌లోనూ (నెట్‌వర్క్‌లో విడిగా వేరు చేసిన భాగం), కంట్రోలర్‌ను మరొక వీల్యాన్‌లోనూ పెట్టాను. కంట్రోలర్‌ను వెతుకుతూ పరికరాలు అందరికీ కలిపి పంపే బ్రాడ్‌కాస్ట్ సందేశం రౌటర్ దాటి వేరే వీల్యాన్‌లోకి వెళ్ళదు. పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌లో ఆప్షన్ 43 అనే అమరిక కింద కంట్రోలర్ చిరునామా రాసి, ఫైర్‌వాల్‌లో క్యాప్‌వాప్ (యాక్సెస్ పాయింట్లు కంట్రోలర్‌తో మాట్లాడుకునే పద్ధతి) వాడే యూడీపీ 5246, 5247 పోర్టులు తెరిచిన తరువాతే అవి ఒక్కొక్కటిగా చేరాయి.

అప్పటికీ రెండు పరికరాలు నిలబడలేదు. పైకప్పు మీది దీపం వెలుగుతుంది, నిమిషంలో ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. కేబుల్ రెండుసార్లు మార్చాను, ఫలితం లేదు. చివరికి తెలిసిందేమిటంటే, పరికరాల కేబుళ్ళు వచ్చి చేరే నెట్‌వర్క్ స్విచ్‌లో ఒక్కో పోర్టు 30 వాట్ల వరకు ఇవ్వగలిగినా, మొత్తం పీవోఈ (నెట్‌వర్క్ కేబుల్ గుండానే కరెంటు ఇవ్వడం) సామర్థ్యం 250 వాట్లే. 14 పరికరాలు తలా 20 వాట్లు లాగితే 280 అవుతుంది. ఆ రెండింటినీ మరొక స్విచ్‌కు మార్చాను. కొనేటప్పుడు పోర్టుల సంఖ్య కన్నా ఈ మొత్తం అంకెను ముందు చూడాలి.

వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్ళుగా 1, 6, 11 మూడింటినే వాడుకున్నాను. పరికరాల ప్రసార శక్తిని తగ్గించాను. లేకపోతే ట్యాబ్ దగ్గరలోని దానికి మారక, దూరపు దానినే పట్టుకుని వేలాడుతుంది. ఆ మార్పు తరువాత హెడ్ సిస్టర్ ఐసీయూ నుంచి జనరల్ వార్డు దాకా ట్యాబ్‌తో నడిచి వచ్చి, "ఈసారి ఎక్కడా తెగలేదు సార్" అన్నారు.

అప్పగించే ముందు, ఒక ఆదివారం తెల్లవారుజామున కంట్రోలర్‌ను కావాలనే ఆపేశాను. డేటా కంట్రోలర్ గుండా కాకుండా స్థానిక స్విచ్ మీదుగానే వెళ్ళేలా అమర్చినందువల్ల, వార్డుల్లోని ట్యాబ్‌లు ఆ 20 నిమిషాలూ పనిచేస్తూనే ఉన్నాయి.