గెలాతి గడపలో ఒక రాజు

కుతైసిలో వైద్యం చదువుతున్న మా మేనకోడలిని చూడడానికి జార్జియా వెళ్లినప్పుడు, ఊరికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, అడవి కప్పిన కొండవాలు మీదున్న గెలాతి మఠానికి ఇద్దరం వెళ్లాము. జార్జియాను ఏకం చేసి, 1121లో దిద్గోరి యుద్ధం గెలిచి, ‘నిర్మాత’ అని బిరుదు పొందిన నాలుగవ దావీద్ 1106లో దీనిని స్థాపించాడు. ప్రధాన ఆలయం ఆయన మరణించాక, కుమారుడు దెమెత్రే కాలంలో, 1130లో పూర్తయింది.

పసుపు వన్నె సున్నపురాతి దిమ్మెలతో కట్టిన ఆ ఆలయం వెలుపలి గోడల మీద శిల్పాలు తక్కువ. గోడలోనే తేల్చిన కమానులు ఒకదాని పక్కన ఒకటి పైకి లేస్తూ చూపును గుమ్మటం వైపు తీసుకుపోతాయి. ఆ నిగ్రహమే నాకు ఎంతో నచ్చింది. లోపల గర్భాలయపు అర్ధగోపురంలో, బంగారు నేపథ్యం మీద, బాల యేసును పట్టుకున్న మరియ, ఆమెకు ఇరువైపులా మిఖాయేలు, గబ్రియేలు దూతలు ఉన్న 12వ శతాబ్దపు మొజాయిక్ ఉంది. 1510లో ఒట్టోమన్ సేనలు మఠాన్ని తగలబెట్టినా అది మిగిలింది. ఇటీవలి సంవత్సరాలలో పైకప్పు నుంచి వాన నీరు దిగి కుడ్యచిత్రాలు దెబ్బతినడం మాత్రం నన్ను నిజంగా బాధపెట్టింది. కుతైసిలోని బగ్రాతి ఆలయాన్ని 1994లో గెలాతితో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పునర్నిర్మాణం వల్ల అసలు రూపం చెదిరిందని 2017లో దానిని తొలగించడంతో ఇప్పుడు జాబితాలో గెలాతి ఒక్కటే ఉంది.

తత్త్వవేత్త ఇయోనే పెత్రిత్సి బోధించిన విద్యాపీఠపు కట్టడం ఆవరణలోనే ఉంది. అయితే నేను ఎక్కువ సేపు నిలిచింది దక్షిణ ద్వారం దగ్గర. పూర్వం మఠానికి రాకపోకలు సాగిన ఆ ద్వారం మధ్యలో, నేలకు సమంగా పరచిన పెద్ద రాతిపలక కింద దావీద్ సమాధి ఉంది. వచ్చేవారంతా తనను తొక్కుకుంటూ లోపలికి వెళ్లాలన్నది ఆయన కోరిక అని చెబుతారు. తాను శాశ్వతంగా విశ్రమించే చోటు ఇదేనన్న బైబిల్ 132వ కీర్తన మాటలను ఆ రాతి మీద చెక్కారు. 1139లో దెమెత్రే, నేటి అజర్‌బైజాన్‌లోని గంజా నగరం నుంచి గెలిచి తెచ్చిన ఇనుప తలుపు కూడా అక్కడే ఉంది. దానిపై 1063 నాటి అరబీ శాసనం ఉంది.

నాకు వెంటనే తిరుమల గర్భాలయం ముందున్న కులశేఖరపడి గుర్తుకు వచ్చింది. స్వామి ముంగిట గడపగా పడి ఉండాలని కోరినవాడూ రాజే. అయితే ఆ పడిని భక్తులు దాటరు. దావీద్ కోరుకున్నదేమో అందరి పాదాలు. అది తెలిసి కూడా ఆ పలక మీద కాలు మోపడానికి మాకు మనసొప్పలేదు, గోడ వారగా నడిచి వెళ్లాము.