శనివారం, జీన్ ఆర్థర్

ఈరోజు ఏం చేశావని ఎవరైనా అడిగితే, వారం నుంచి కుర్చీలో గుట్టగా పడున్న బట్టలు మడతపెట్టాను, పాతకాలపు హాలీవుడ్ నటి జీన్ ఆర్థర్ సినిమా చూశాను అని చెప్పాలి. మిగతాదంతా రోజూ ఉండేదే. పొద్దున గ్యాస్ బండ వచ్చింది. పనమ్మాయి రాలేదు. మధ్యాహ్నం దోసకాయ పప్పు. ఆయన ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లారు, నాకు ఎండ సాకు దొరికింది.

బట్టలు మడతపెట్టేటప్పుడు టీవీలో ఏదో ఒకటి ఆడుతూ ఉండాలి నాకు. ‘ది మోర్ ది మెరియర్’ పెట్టాను. 1943 నాటి నలుపు తెలుపు సినిమా. ఇదివరకు చూసిందే కాబట్టి అప్పుడప్పుడు తలెత్తినా సరిపోతుందనుకున్నాను. పావుగంటలో దుప్పటి ఒళ్లో పెట్టుకుని మడతపెట్టడం మానేశాను. అత్తయ్య కూడా వచ్చి దివాన్ మీద కూర్చున్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అదేమీ ఆవిడకి అడ్డం కాదు.

కథ యుద్ధకాలపు వాషింగ్టన్‌ది. ప్రభుత్వ ఉద్యోగాల కోసం జనం వచ్చిపడటంతో ఊళ్లో అద్దె ఇళ్లు దొరకవు. కోనీ మిల్లిగన్ (జీన్ ఆర్థర్) అనే ఉద్యోగిని దేశానికి తనవంతు సాయంగా తన ఫ్లాట్‌లో సగం అద్దెకి ఇద్దామనుకుంటుంది. ఆడమనిషి వస్తుందనుకుంటే డింగిల్ అనే పెద్దాయన వచ్చి, మాటల్తో బోల్తా కొట్టించి చేరిపోతాడు. చేరినవాడు ఊరుకోడు, తన సగంలో సగం ఇంకో కుర్రాడికి అద్దెకి ఇచ్చేస్తాడు, ఆవిడకి చెప్పకుండా.

డింగిల్ చేరిన మొదటి సాయంత్రం కోనీ ఆయనకి పొద్దుటి టైమ్ టేబుల్ అప్పజెప్పే సీను ఉంది. ఎన్నింటికి లేవాలి, ఎవరు ముందు బాత్రూమ్‌లోకి వెళ్లాలి, ఆ లోపల పాలు ఎవరు తేవాలి, కాఫీ ఎప్పుడు పెట్టాలి, అంతా నిమిషాల లెక్కన. కాగితం మీద ఫ్లాట్ ప్లాన్ గీసి మరీ చెబుతుంది. ఆవిడ ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించదు. ఇంతకంటే తేలికైన విషయం ప్రపంచంలో లేదన్నట్టు గడగడా చెప్పుకుపోతుంది. వినేవాడి మొహం చూసి మనకి నవ్వు. మర్నాడు పొద్దున ఆ టైమ్ టేబుల్ ఎలా ఏడుస్తుందో చూడాలి. డింగిల్ తలుపు బయట ఇరుక్కుపోతాడు, ప్యాంటు ఎక్కడ పెట్టాడో తెలీదు, ఆవిడ మాత్రం లెక్కప్రకారమే నడుస్తూ ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్లో మా ఇంట్లో ఒక్క బాత్రూమ్ ముందు క్యూ చూసినవాళ్లెవరికైనా ఈ భాగానికి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు.

“ఇందులో కామెడీ ఎవరమ్మా?” అని అత్తయ్య అడిగారు. మంచి ప్రశ్నే. మన సినిమాల్లో కామెడీ ఒక శాఖ, దానికి వేరే మనుషులుంటారు. హీరోయిన్‌కి మహా అయితే చిలిపితనం ఇస్తారు. మిస్సమ్మలో సావిత్రి లాంటివాళ్లు ఎప్పుడో ఒకరు. ఆ చిరాకుకి పడీపడీ నవ్వుతాం, ఆవిడ మాత్రం నవ్వదు. 1930ల్లో హాలీవుడ్‌లో స్క్రూబాల్ అని పేరుపడిన కామెడీల్లో ఇదే పద్ధతి. గొడవ పెట్టుకునేదీ, గొడవలో పడేదీ, కథని లాక్కెళ్లేదీ కథానాయికే. కరోల్ లొంబార్డ్, ఐరీన్ డన్, క్లాడెట్ కోల్బర్ట్, వీళ్లంతా అందులో ఆరితేరినవాళ్లు. నాకు మాత్రం జీన్ ఆర్థరే. లొంబార్డ్ అభిమానులు కోప్పడితే కోప్పడనీ.

కారణం ఆ గొంతు. కాస్త బొంగురుగా మొదలవుతుంది, మధ్యలో జీరపోతుంది, ఉన్నట్టుండి పైకి లేచి చిన్నపిల్ల గొంతైపోతుంది. కోపంలో ఉన్నప్పుడు కూడా ఏ క్షణాన పగులుతుందో అన్నట్టుంటుంది. ఇంత గొంతు పెట్టుకుని మూకీల్లో ఏళ్ల తరబడి మగ్గింది పాపం. అసలు పేరు గ్లాడిస్ జార్జియానా గ్రీన్. 1900లో న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లాట్స్‌బర్గ్‌లో పుట్టింది, తండ్రి ఫొటోగ్రాఫర్. జోన్ ఆఫ్ ఆర్క్ నుంచి సగం, ఆర్థర్ మహారాజు నుంచి సగం తీసుకుని ఆ పేరు పెట్టుకుందట. కత్తులు పట్టినవాళ్ల పేర్లు, మనిషేమో కెమెరా చూస్తే వణికే రకం. 1923లో ఒక సినిమాకి నాయికగా తీసుకుని, కొద్దిరోజుల షూటింగ్ కాగానే నటన రావట్లేదని తీసేశారు. ఆ తర్వాత చౌకరకం వెస్టర్న్‌లు (కౌబాయ్ సినిమాలు), చిన్నాచితకా వేషాలు. టాకీలు వచ్చాక కూడా పారమౌంట్ స్టూడియోలో ఒరిగిందేమీ లేక, న్యూయార్క్ వెళ్లి నాటకాల్లో నటన నేర్చుకుంది. తిరిగొచ్చి కొలంబియా స్టూడియోలో చేరింది. 1935లో జాన్ ఫోర్డ్ తీసిన ‘ది హోల్ టౌన్స్ టాకింగ్’తో జనం కళ్లు ఇటు తిరిగాయి. అప్పటికి ముప్ఫై నాలుగేళ్లు. పరిశ్రమకి మాత్రం వయసు తగ్గించి చెప్పేది. ఎవరు చెప్పరు!

ఆ మరుసటేడాది దర్శకుడు ఫ్రాంక్ కాప్రా ‘మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్’. ఆయనే 1938లో, 1939లో మళ్లీ తీసుకున్నాడు. ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’ అనగానే అందరికీ జేమ్స్ స్టువర్టే గుర్తొస్తాడు కానీ, టైటిల్స్‌లో ముందు పడేది జీన్ ఆర్థర్ పేరు. నాకిష్టమైన నటి ఆవిడేనని కాప్రా చెప్పుకున్నాడు. షాటు ముందు ఆవిడ పడే టెన్షన్ గురించి కూడా ఆయనే రాశాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఏడ్చేదట, కడుపులో తిప్పి వాంతులయ్యేవట, బయటికి రానని రకరకాల సాకులు చెప్పేదట. ఎలాగో కెమెరా ముందుకి నెట్టి లైట్లు వేస్తే, అప్పటిదాకా ఏడ్చిన మనిషేనా అనిపించేలా చేసేది. కట్ అనగానే మళ్లీ పరుగు. ఎడమవైపు నుంచి తీస్తేనే బాగుంటాననే పట్టింపు ఒకటి. సెట్లు కూడా దానికి తగ్గట్టు వేసుకోవాల్సి వచ్చేది.

భయాన్ని జయించి గొప్ప నటి అయిందని రాసే వ్యాసాలు నాకు నచ్చవు. జయించలేదు. ఎన్నేళ్లయినా ఆ భయం పోలేదు. నాకనిపించేది ఏమిటంటే, ఆవిడ కామెడీ అంతా ఆ భయం నుంచే వచ్చింది. కోనీ మిల్లిగన్ లాంటివాళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని ఉంటారు, ఒక టైమ్ టేబుల్, ఒక నియమం, కుదిరిన ఒక సంబంధం. అది జారిపోతోందని మనకంటే ముందు వాళ్ల గొంతుకి తెలిసిపోతుంది. ధైర్యవంతురాలు చేసుంటే అది ఉత్త గయ్యాళి వేషం అయ్యేది.

ఈ సినిమాలో మెట్ల సీను ఉంది చూడండి. రాత్రి. కోనీ, ఆ కుర్రాడు జో (జోయల్ మెక్‌క్రీ) నడుచుకుంటూ ఇంటికి వస్తుంటారు. ఆవిడకి పెండర్‌గాస్ట్ అనే పెద్ద అధికారితో పెళ్లి నిశ్చయమైంది. ఇతనేమో రేపోమాపో యుద్ధానికి వెళ్లిపోయేవాడు. నడిచినంతసేపూ అతని చెయ్యి ఊరుకోదు. భుజం మీద వేస్తాడు, ఆవిడ తీసేస్తుంది. మెడ దగ్గరికి వస్తుంది, తప్పించుకుంటుంది. గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నాక కూడా అంతే. అంతసేపూ ఆవిడ మాట్లాడేది పెండర్‌గాస్ట్ గురించి. ఎంత బాధ్యత గలవాడో, పెద్ద వయసువాడైతే ఎంత నిలకడో. మాటలు సగంలో తెగుతుంటాయి, అతికించుకుని మళ్లీ మొదలుపెడుతుంది. గొంతు సన్నబడుతుంది, ఊపిరి అందదు, అయినా పెండర్‌గాస్ట్‌ని వదలదు. చివరికి అతను ముద్దు పెట్టుకుంటే, ఒక్క క్షణం ఆగి, అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని తనే ముద్దు పెట్టేస్తుంది.

నేను కొంచెం ఇబ్బందిగా అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నింపాదిగా, “ఈ పిల్ల నోరు ఒకటి చెబుతోంది, ఒళ్లు ఒకటి చెబుతోంది” అన్నారు. ఒక్క మాట అర్థం కాకుండా. సినిమా సమీక్షలు చాలానే చదివాను, ఈ సీను గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఈ సినిమా కథ రాసినవాళ్లలో ఆవిడ భర్త ఫ్రాంక్ రాస్ కూడా ఉన్నాడు. తీసింది జార్జ్ స్టీవెన్స్. డింగిల్ వేషానికి చార్ల్స్ కోబర్న్‌కి సహాయనటుడి ఆస్కార్ వచ్చింది. జీన్ ఆర్థర్‌కి మొత్తం జీవితంలో వచ్చిన ఒకే ఒక్క నామినేషన్ ఇదే. అవార్డు జెన్నిఫర్ జోన్స్‌కి వెళ్లింది, భక్తి సినిమాకి. కామెడీకి అవార్డులివ్వడానికి ఎక్కడైనా చేతులు రావు.

కొలంబియా అధిపతి హ్యారీ కోన్‌తో ఆవిడకి ఎప్పుడూ తగువే. కథ నచ్చలేదని కాదంటే సస్పెండ్ చేసేవాడు, ఇంట్లో కూర్చునేది. 1944లో కాంట్రాక్టు ముగిసిన రోజున ‘నాకు విడుదల, నాకు విడుదల’ అని అరుస్తూ స్టూడియో వీధుల్లో పరుగెత్తిందని చెప్పుకుంటారు. అందులో మసాలా ఎంతో గానీ, వినడానికి బాగుంది. ఆ తర్వాత చేసినవి రెండే సినిమాలు. 1948లో దర్శకుడు బిల్లీ వైల్డర్‌ది ఒకటి. 1953లో స్టీవెన్స్ ‘షేన్’ ఒకటి, ఆవిడ ఏకైక రంగుల సినిమా. ‘షేన్’ తీసేటప్పటికి యాభై ఏళ్లు, వేషం చిన్న పిల్లాడి తల్లిది, ఎవరికీ అనుమానం రాలేదు.

నాటకాల దగ్గర మాత్రం భయమే గెలిచేది. ‘బోర్న్ ఎస్టర్‌డే’ నాటకం న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి చేరకముందే తప్పుకుంది. ఆ వేషం జూడీ హాలిడేకి వెళ్లి, ఆమెని స్టార్‌ని చేసింది. కానీ 1950లో పీటర్ పాన్‌గా 321 ప్రదర్శనల నాటకానికి నాయకత్వం వహించింది కూడా ఈవిడే. ఎదగనని మొండికేసే కుర్రాడి వేషం, యాభైకి దగ్గరపడ్డ వయసులో. ఆ వేషమంటే ప్రాణమట. 1966లో ఆవిడ పేరుతోనే ఒక టీవీ కార్యక్రమం వచ్చి కొన్ని వారాల్లో ఆగిపోయింది. ఆ తర్వాత వాసర్ కాలేజీలో నటన పాఠాలు చెప్పింది. ఇంటర్వ్యూలు ఇవ్వకుండా, కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో సముద్రం దగ్గర ఉండిపోయి, 1991లో అక్కడే పోయింది. మరో హాలీవుడ్ నటి గ్రెటా గార్బో ఏకాంతం గురించి పుస్తకాలే వచ్చాయి. ఈవిడ తలుపేసుకుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బహుశా ఆవిడకి కావాల్సిందీ అదేనేమో.

‘ది మోర్ ది మెరియర్’ చివర్లో పరువు కోసం జోని పేరుకి పెళ్లి చేసుకుని కోనీ భోరున ఏడుస్తుంది. మర్యాదగా కళ్లొత్తుకునే ఏడుపు కాదు, సైరన్ మోగినట్టు. ఎవరో ఏదో అడుగుతారు, జవాబు చెబుతూ మళ్లీ రాగం అందుకుంటుంది. అత్తయ్య పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. దుప్పటి ఇంకా నా ఒళ్లోనే ఉంది.

సాయంత్రం ఆయన వచ్చాక రేపేం చూద్దామని చర్చ. నాకు ‘ఈజీ లివింగ్’ చూడాలనుంది. 1937ది. ఒక కోటీశ్వరుడు భార్య మీద కోపంతో 58,000 డాలర్ల బొచ్చు కోటుని మేడ మీంచి విసిరేస్తే, కింద పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సులో వెళ్తున్న జీన్ ఆర్థర్ నెత్తిన పడుతుంది. టోపీ ఈక విరిగిపోతుంది. ఏంటి నీ ఉద్దేశమని వెనక్కి తిరిగి నిలదీస్తే, వెనక సీట్లో తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి తాపీగా ‘కిస్మత్’ అంటాడు. ఆ కోటు వల్లే పాపం ఉద్యోగం కూడా పోతుంది, పరువైన అమ్మాయికి అంత కోటు ఎలా వచ్చిందని.

ఇదంతా చెబితే ఆయన విని, “గుర్రాలూ తుపాకులూ ఉన్న సినిమా ఏమైనా ఉందా ఈవిడది?” అన్నారు. ఉంది, ‘షేన్’. బేరం కుదిరింది. ముందు కోటు, తర్వాత గుర్రాలు. అత్తయ్య ఓటు కూడా కోటుకే. పనమ్మాయి రేపు కూడా రాదట, ఇప్పుడే ఫోన్ చేసింది.